కాపరికీ కావలి కావాలి

కతోలిక విశ్వాసి జాన్ వానియే 1964లో ఫ్రాన్స్‌లో బుద్ధిమాంద్యం గలవారితో కలిసి నివసిస్తూ 'లార్ష్' సంస్థను ఆరంభించాడు. ఎన్నో దేశాల యౌవనులు అందులో సహాయకులుగా సేవ చేశారు. 2019లో ఆయన మరణిస్తే, పరిశుద్ధుడని ఎందరో కొనియాడారు. మరుసటి ఏడే, ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరిట ఆయన ఆరుగురు స్త్రీలను లైంగికంగా లోబరచుకున్నాడని సంస్థ జరిపించిన విచారణలోనే తేలింది. 2023 నివేదికలో ఆ సంఖ్య కనీసం 25కు చేరింది.

పేరున్న భక్తుడిని ప్రశ్నించేదెవరు? కతోలిక సంఘం ఇటీవల నియమాలు బిగించింది. అంతర్జాతీయ విశ్వాసుల సంఘాల నాయకులు ఒక విడతకు ఐదేళ్లు, వరుసగా పదేళ్లు మించి పదవిలో ఉండరాదని 2021లో వాటికన్ నిర్దేశించింది. వారి ఎన్నికలో సభ్యులందరికీ పాత్ర ఉండాలంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులపై విచారణ నిబంధనలను, గురువులు కాని ఆ నాయకులకూ 2023లో వర్తింపజేసింది.

'వాళ్ల సంగతి మనకెందుకు?' అనుకోవద్దు. ఏలీ కుమారులు ప్రత్యక్ష గుడారం వద్దనే పాపం చేశారు. ఏలీ మందలించాడు కానీ యాజకత్వం నుంచి తప్పించలేదు. దేవుడు ఏలీనీ లెక్క అడిగాడు.

మన సండేస్కూలులో, వీబీఎస్‌లో, హాస్టల్లో సేవకు వచ్చేవారిని ఎవరు పరీక్షిస్తున్నారు? ఒక పాప భయపడితే ఎవరితో చెప్పుకోవాలి? సంఘం పరువంటూ దాచడం పాపమే కాదు, నేరం కూడా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాలి. పరిచారకులను మొదట పరీక్షించమని పౌలు తిమోతికి రాశాడు. ఆ పరీక్షకు ముందుగా నిలబడవలసింది కాపరులమైన మేమే.