పెట్టె అడుగున కఠారి

ఆయుధపూజ నాడు మా జిల్లాలో ఏ పాతకాలపు యింటికి వెళ్ళినా దేవుడి పటాల ముందు పీటమీద వొక వింత సంత కనిపిస్తుంది. కత్తిపీట, కొడవలి, పలుగు, కుట్టుమిషను కత్తెర, అబ్బాయిగారి స్కూటరు తాళంచెవి — వీటన్నిటి నడుమ పసుపూ కుంకుమా పూసుకుని తుప్పు పట్టిన బాకు వొకటి. "ఇదేమిటండీ?" అని అడిగితే, "ఏమో, మా ముత్తాతగారి నాటినుంచీ వుంది. ఏడాదికొకసారి తీసి బొట్టు పెడతాం" అంటారు. మరునాడు అది మళ్ళీ పెట్టె అడుక్కు చేరుతుంది.

మదనపల్లెలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు యీ బాకుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. పద్యాల వల్లనే వచ్చింది గొడవంతా. మన కావ్యాలలో కఠారి, కైజారు, సురియ, బాకు అని మాటలు వస్తూనే వుంటాయి. నిఘంటువు తెరిస్తే అన్నింటికీ ఇంచుమించు వొకటే అర్థం: చిన్నకత్తి. పరీక్షకు అది చాలు. కాని వెనకబల్ల కుర్రవాడొకడు లేచి, "కఠారికీ బాకుకీ తేడా ఏమిటి సార్?" అని అడిగాడంటే నిఘంటువు మూసేసి కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్ళవలసిందే. నేను వెళ్ళాను. అప్పటినుంచీ ఎక్కడ పాత పిడి కనిపించినా ఆగిపోతున్నాను. మా యింట్లో యిప్పటికి నాలుగు వున్నాయి. "యింట్లో కూరగాయల కత్తికి పదును లేదు గాని…" అని మా ఆవిడ సగం మాటతో వూరుకుంటుంది. మిగతా సగం నాకు తెలుసు.

కఠారి మన ప్రాంతానికి పరాయిది కాదు. చంద్రగిరి నుంచి పాలించి, 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడి వంశానికి "కఠారి సాళువ" అనే బిరుదు వుండేది. పిల్లలమర్రి పినవీరన జైమినీ భారతాన్ని అంకితమిచ్చింది ఆయనకే. బిరుదులో చోటు సంపాదించిన ఆయుధమంటే కేవలం చంపడానికి మాత్రమే వుండేది కాదన్నమాట. నడుముకు కట్టుకుని కొలువులో నిలబడితే, ఆ మనిషి ఎంతటివాడో పిడిని చూసి చెప్పగలిగేవారు.

అలంకారంగా బాకు కట్టే ఆచారం లోకమంతటా వుంది. కొడగువారు నేటికీ పెళ్ళినాడు నడుముకు ఎర్రపట్టీ చుట్టి, అందులో వెండి పనిచేసిన పీచకత్తిని దోపుకుంటారు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు నిజాం కొలువులో చేరేందుకు వస్తూ వంకర జంబియాను వెంట తెచ్చుకున్నారు. యూరపు దేశాల సైనికాధికారులు యిరవయ్యో శతాబ్దంలో కూడా కవాతు దుస్తులమీద చిన్నబాకు వేలాడదీసుకునేవారు. అటువంటివి సేకరించేవారి పని కొంత సుళువు. బల్గేరియా బాకు చేతికి వచ్చిందనుకోండి, దానిమీద వున్నది కిరీటమా, అయిదుకోణాల నక్షత్రమా అని చూస్తారు. ఆ దేశంలో రాజరికం 1946లో పోయింది గనుక ముందుదో వెనుకదో తేలిపోతుంది. మన కఠారి మీద అటువంటి సర్కారు ముద్ర సాధారణంగా వుండదు. మనమే చదువుకోవాలి.

కఠారి పిడి తక్కిన కత్తుల పిడివంటిది కాదు. రెండు యినుప పట్టీలు నిలువుగా వుంటాయి, వాటి నడుమ రెండు అడ్డకడ్డీలు. ఆ అడ్డకడ్డీలను పిడికిట్లో పట్టుకుంటే పట్టీలు మణికట్టుకు అటూ యిటూ వస్తాయి, అలుగు చేతికి సూటిగా ముందుకు నిలుస్తుంది. గుద్దినట్టు పొడవడమే దీనితో పని. అక్బరు ఆయుధాలను వర్ణించిన అయినీ అక్బరీలో యీ ఆకారానికి జమ్‌ధర్ అని పేరు కనిపిస్తుంది. ఆ "జమ్" మన యముడేనని పెద్దలు అంటారు. తెలుగు మేస్టరుకు యింతకంటె కావలసిందేముంది!

ఇక గుర్తులు. నాకు గురువు మా వూరి కమ్మరి పెద్దాయన. చదివింది మూడో తరగతి. మొదట అలుగు పిడితో వొకే యినుముగా సాగిందా, లేక పిడిలోనుంచి వచ్చిన రెండు నాలుకల మధ్య యిరికించి మేకులు కొట్టారా చూడమన్నాడు. మేకులు కొట్టి వుంటే ఆ అలుగు మరో కత్తినుంచి తెచ్చింది కావచ్చు. దక్షిణదేశపు కఠారులలో చాలావాటికి యూరపునుంచి దిగిన ఖడ్గాల అలుగులు కోసి వేశారు. అటువంటి అలుగుమీద గాడులు మొనవరకూ పొందికగా సాగక మధ్యలోనే తెగినట్టు కనిపిస్తాయి. అది దోషమనుకోకండి, ఆ రోజుల్లో విదేశీ అలుగంటే మోజు. మనం మాత్రం తక్కువ తిన్నామా?

తరువాత మొన. పాత యుద్ధపు కఠారికి మొన దగ్గర యినుము నాలుగు పలకలుగా బలిసి వుంటుంది. కడియాల కవచాన్ని చీల్చడానికి ఆ బలుపు. అలంకారానికి కొత్తగా చేసినదానికి మొన రేకులా పలచగా వుంటుంది. పిడిని మూడుచోట్ల తడిమి చూడాలి. నిజంగా పట్టుకుని వాడినదైతే అడ్డకడ్డీలు వేళ్ళు పడేచోటే అరుగుతాయి. నకిలీలో అరుగుదల అంతటా సమానం, ఆకురాయి పెట్టినట్టు. తంజావూరు వైపు పాత కఠారులకు చేతి వెనుక ఆకులాగా, పడగలాగా కప్పు వుంటుంది. తరువాతి కాలంలో అది పోయింది.

బంగారుపని వుంటే భూతద్దం పట్టండి. పనివాడు యినుముమీద వెంట్రుకవాసి గీతలు అడ్డంగా నిలువుగా గీసి, దానిమీద బంగారుతీగ పరచి కొట్టేవాడు. బంగారం రాలిపోయినా గీతలు మిగులుతాయి. బంగారు రంగు పూసినదానికి గీతలెక్కడివి?

అలుగుమీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే మన ఉక్కు అయివుండవచ్చు. ఇంగ్లీషువాళ్ళు "వూట్జ్" అని పిలిచినది మన "ఉక్కు" మాటేనంటారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో ఆ ఉక్కు తయారుచేసే తీరును వాయిసీ అనే ఆంగ్లేయుడు వర్ణించగా 1832లో అచ్చయింది. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. ఈనాడు రెండు రకాల ఉక్కు పొరలుగా మడిచి, ద్రావకంలో ముంచి అలలు తెప్పిస్తున్నారు. ఆ అలలు మరీ పెద్దవిగా, మరీ ముచ్చటగా వుంటాయి. అసలుది పలచని మేఘంలా వుంటుంది.

కుప్పంలో పాతసామాన్ల కొట్టువాడు వొకసారి నాకొక కఠారి చూపించాడు. అడ్డకడ్డీలు నొక్కితే అలుగు మూడుగా విచ్చుకుంటుంది. సినిమా వ్యవహారం! "మా తాత కాలందండి" అన్నాడు. యిటువంటి యంత్రపు కఠారులు పందొమ్మిదో శతాబ్దంలో వేడుకకు చేసినవి వున్నమాట నిజమే. కాని దీని తిరుగుడు మేకు మరచుట్టు తాజాగా మెరుస్తోంది, పిడి పోతపోసిన యిత్తడి, పోతగీత కూడా సరిగా రాయలేదు. "మీ తాతగారు నాకంటె చిన్నవారేమో" అన్నాను. అతడు నవ్వి టీ తెప్పించాడు. కఠారి వెల మాత్రం తగ్గించలేదు.

పుంగనూరు సంగతి వేరు. అక్కడ జమీందారీ వుండేది. జమీందారీలు 1948 నాటి మద్రాసు చట్టంతో పోయాయి. దివాణాలు పాడుబడ్డాయి గాని, దివాణంలో పనిచేసినవారి యిళ్ళల్లో ఏవో వస్తువులు మిగిలిపోయాయి. నా దగ్గర చదువుకున్న అమ్మాయి వొకతె వచ్చి, "మా అవ్వ పెట్టెలో కత్తి వుండాది సార్, కొనేదానికి ఎవరో వచ్చినారు, మీరొకసారి చూడండి" అని పిలుచుకుపోయింది. బేరగాడు మూడువేలు యిస్తానన్నాడట. మనమడి కాలేజీ ఫీజుకు గడువు పదిరోజులుంది. ఆ మనమడు వుప్పుకాగితం కొని సిద్ధంగా పెట్టుకున్నాడు, రుద్ది తళతళలాడిస్తే మరో వెయ్యి వస్తుందని.

ముందు ఆ కాగితం చేతిలోనుంచి తీసుకున్నాను. అలుగూ పిడీ వొకే యినుము. మొన బలిసి వుంది. పట్టీలమీద తుప్పు నడుమ సన్నని గీతలు, వొక మూలన గోరంత బంగారం. వుప్పుకాగితం పెట్టివుంటే అరగంటలో ఆ గీతలన్నీ పోయివుండేవి.

"అవ్వా, యిది నిజంగా పాతదే. బేరగాడు చెప్పిన వెల దీనికి చాలా తక్కువ" అన్నాను.

"మా మామ వాళ్ళ జేజబ్బ దివాణం వాకిట కాపలా వుండినాడు నాయినా. దొరగారే యిచ్చినారంట" అంది అవ్వ.

"పాతదని కత్తి చెబుతుంది గాని, ఎవరు యిచ్చారో కత్తి చెప్పలేదవ్వా."

అవ్వ నావైపు జాలిగా చూసింది. "కత్తి చెప్పకపోతే పాయె, నేను చెప్తావుండా గదా. నువ్వు చదువుకున్నోడివి, రాసుకో."

నేను కాగితం తీసి వ్రాశాను. ఆ మామగారి పేరు, వారి తండ్రి పేరు, తాత పేరు, ఏ పండుగకు తీసేవారు, వొర ఎప్పుడు చెదలు తినిపోయింది, అన్నీ. అవ్వ వేలిముద్ర వేసింది, తేదీ వేశాం. ఆ కాగితం కఠారితోపాటే పెట్టెలో వుంది. పెద్ద పెద్ద మ్యూజియాల బీరువాలలో "దక్షిణ భారతం" అన్న వొక్కమాట చీటీతో పడివున్న కఠారులకు అటువంటి కాగితం లేదు. తంజావూరు ఆయుధశాల సంగతి చూడండి. చివరి రాజు 1855లో పోయాక కంపెనీవారు రాజ్యం కలుపుకున్నారు. ఆయుధాలలో మేలైనవి కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి, మిగిలినవాటిలో ఎక్కువభాగం విరిచి పాతయినుముగా అమ్మేశారు. ఎవరి నడుమున ఏ కఠారి వుండేదో యిక ఎవరు చెప్పగలరు?

ఫీజు మాటంటారా? అవ్వ కమ్మలు కుదువపెట్టి కట్టారు. మరుసటేడు విడిపించుకున్నారు. మనమడికి యిప్పటికీ నామీద కొంచెం కోపమే.

చట్టం మాట కూడా తెలుసుకోవడం మంచిది. నూరేళ్ళు దాటిన యిటువంటి వస్తువులు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. వాటితో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు వుండాలి. పొలం దున్నుతుంటే దొరికితే అది 1878 నాటి నిధుల చట్టం కిందికి వస్తుంది, కలెక్టరుకు తెలియజేయాలి. ఇక ఆయుధాల నిబంధనలలో 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగుల ప్రస్తావన వుంది. కఠారి అలుగు చాలావరకు ఆ వెడల్పు దాటుతుంది. మీ ప్రాంతానికి ఏ నియమం వర్తిస్తుందో పోలీసుస్టేషనులో ముందుగానే కనుక్కోండి. బస్సులో సంచిలో వేసుకుని మాత్రం నా దగ్గరికి తీసుకురాకండి, ఫోటో పంపితే చాలు.

ఇంట్లో వున్నదానికి చింతపండు, యిటుకపొడి, వుప్పుకాగితం తగలనివ్వకండి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, మిషనునూనె చుక్క వేసి పలచగా రాయండి. తోలు వొరలో వుంచితే చెమ్మ పట్టి లోపల్లోపలే తింటుంది, వొర వేరుగా, అలుగు వేరుగా పెట్టండి. పూజనాడు కుంకుమ పెట్టదలిస్తే పిడికి కట్టిన దారానికి పెట్టండి. కుంకుమ తడి ఆరేలోగా యినుము మీద తుప్పు మొదలవుతుంది.