గవాహీ భాంజాది, జమానత్ ఖాలాది

మొన్న జుమ్మా నమాజు అయ్యాక మా భాంజా ఇంటికొచ్చాడు. "మామూ, నోడ్ నడుపుదామనుకుంటున్నా. కాస్మోస్ మంచిదా, పోల్కడాట్ మంచిదా, మీరేమంటారు?" అన్నాడు. నఫా లెక్కలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. చివరి లైన్ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి: 'ఖాలా ఉమ్రా పైసలు - డెలిగేట్'.

వాడి సవాలే తప్పుగా ఉందని నా అభిప్రాయం. ఏది ఎక్కువ ఇస్తుంది అని కాదు, నా పొరపాటుకు ఎవరు మూల్యం కడతారు అని అడగాలి.

ప్రతి బ్లాక్‌చెయిన్ ఒక ఖాతా పుస్తకం. ఒక పుస్తకంలో ఏం రాశారో ఇంకో పుస్తకానికి తెలియదు. ఈ కబురును అటూ ఇటూ చేర్చేవే ఈ నెట్‌వర్కులు. నోడ్ నడిపే వ్యాలిడేటర్ అందులో గవాహ్. అప్పు రాసుకునేటప్పుడు గవాహ్‌లను పెట్టుకోమన్న హుకుం ఉన్న ఉమ్మత్ మనది. గవాహీ ఎంత బరువో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

గవాహ్‌లు తక్కువైతే ఏమవుతుందో 2022లో చూశాం. రోనిన్ అనే బ్రిడ్జికి 9 మంది వ్యాలిడేటర్లు, 5 సంతకాలు చాలు. నాలుగు కీలు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఐదో సంతకం కోసం అంతకుముందు కొన్నాళ్లకని ఇచ్చిన ఇజాజత్‌ను పని అయ్యాక ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దొంగలు ఆ దారినే వచ్చారు. 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి, పోయిన సంగతి తెలియడానికే ఆరు రోజులు పట్టింది. అదే ఏడాది హార్మొనీ బ్రిడ్జిలో 5 కీలలో 2 చాలు. అక్కడ సుమారు 10 కోట్ల డాలర్లు మాయం.

కాస్మోస్ పద్ధతి వేరు. అందులోని ఐబీసీలో ఒక చెయిన్ మాటను రెండో చెయిన్ తానే లెక్కగట్టి తస్దీక్ చేసుకుంటుంది. మధ్యలో కబురు మోసే రిలేయర్ డాకియా లాంటివాడు, సీలు వేసిన లిఫాఫాలో మాట మార్చలేడు. చాలాచోట్ల గ్యాస్ ఖర్చు అతని జేబులోంచే పోతుంది, అదొక ఖిద్మత్. పోల్కడాట్‌లో చెయిన్లన్నిటికీ కాపలా ఒకటే. రిలే చెయిన్ వ్యాలిడేటర్లే అందరి లెక్కలూ చూస్తారు, కాబట్టి మిషన్ కూడా బలంగా ఉండాలి.

కమాయీ సంగతీ అంతే. కాస్మోస్‌లో ఎవరి దగ్గర ఎక్కువ స్టేక్ ఉంటే వాళ్లకు ఎక్కువ వాటా. పోల్కడాట్‌లో స్టేక్ ఎంతున్నా, చేసిన పనికి వచ్చిన పాయింట్లను బట్టే కూలి. కొత్తవాడికి ఇది ఇన్సాఫ్‌గా అనిపిస్తుంది. కానీ అసలు సీటు దొరకాలంటే రెండు చోట్లా పెద్ద స్టేక్ కావాలి. చుట్టాల పైసలతో చిన్న చెయిన్‌లో సీటు దొరకొచ్చు, అక్కడ టోకెన్ ధరకే భరోసా ఉండదు.

"కరెంటు పోతే?" అని అడిగాను. "రెండో మిషన్‌లో అదే కీ పెట్టి రెడీగా ఉంచుతా మామూ" అన్నాడు హుషారుగా. నేను భయపడింది సరిగ్గా దీనికే. కాస్మోస్ హబ్‌లో గంటసేపు కరెంటు పోతే ఏమీ కాదు. చాలా గంటలు సంతకం లేకపోతే 0.01 శాతం కోత, కాసేపు జెయిలు. అదే రెండు మిషన్లూ ఒకేసారి లేచి ఒకే కీతో రెండు సంతకాలు పెడితే 5 శాతం కోత, ఆ వ్యాలిడేటర్‌కు శాశ్వతంగా తలుపు మూసేస్తారు. ఆ కోత వాడి సొమ్ముకే కాదు, వాడిని నమ్మి డెలిగేట్ చేసిన ప్రతి ఒక్కరి సొమ్ముకూ పడుతుంది. పోల్కడాట్‌లో ఉత్త గైర్‌హాజరీకి అసలు పోదు, ఆ రోజు కమాయీ తగ్గుతుంది. కానీ చాలామంది ఒకేసారి తప్పు చేస్తే సజా పెద్దదవుతుంది.

వెనక్కి తీసుకోవడమూ వెంటనే కుదరదు. హబ్‌లో 21 రోజులు ఆగాలి. పోల్కడాట్ మొదలైనప్పుడు పెట్టిన గడువు 28 రోజులు. ఇలాంటి నియమాలు ఓటింగుతో మారుతుంటాయి, చేరే రోజున చూసుకోవాలి. ఆ లోపల ధర పడిపోతే అమ్ముకునే దారి లేదు. ఉమ్రా టికెట్ తారీఖు మన కోసం ఆగుతుందా?

ఈ కమాయీ హలాలా కాదా అన్నది నేను చెప్పేది కాదు, ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం నఫా కాగితంతో పాటు ఈ నుక్సాన్ లెక్క కూడా తీసుకెళ్లండి. సగం సంగతి చెప్పి ఫత్వా అడగడం కూడా ఒక ఝూటీ గవాహీయే.

భాంజాకు నేను చెప్పింది ఇదే: బేటా, ముందు ఆరు నెలలు టెస్ట్‌నెట్‌లో నడుపు, అక్కడ పోయేవి ఉత్త టోకెన్లే. ఒక కీ ఒకేచోట సంతకం పెట్టేలా చూసుకోవడం నేర్చుకో. రాత్రి రెండింటికి అలారం మోగితే లేస్తావో లేదో చూసుకో. ఆ తర్వాత నీ కష్టార్జితం పెట్టు, పోయినా నీదే. ఖాలా పైసలు అమానత్. ఆమెకు వ్యాలిడేటర్ అంటే తెలియదు, నువ్వంటే తెలుసు. అందుకే ఇస్తోంది.

ఖాలా లైన్‌ను నా ముందే వాడి చేత కొట్టించాను. కాస్మోసా, పోల్కడాటా అన్నది వాడింకా తేల్చుకోలేదు. తొందరేం లేదు.