లెక్క అడగటం తప్పు కాదు

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే ప్రతి వారం అవే మాటలు చెవిన పడతాయి. మూడు రోజులుగా కుళాయి రాలేదని ఒకరు. కాలువ తవ్వి వదిలేశారు, బిల్లు మాత్రం తీసుకున్నారట అని మరొకరు. సర్టిఫికెట్‌కు నీ దగ్గర ఎంత తీసుకున్నారు భాయీ అని ఇంకొకరు. టీ కొట్టు దగ్గర ఆ కోపం ఇంకాస్త పెరుగుతుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చల్లారుతుంది. వచ్చే శుక్రవారం మళ్లీ మొదలు.

ఈ కోపం అన్యాయమైనది కాదు. పర్చూరు పరిసరాలు పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి నేలలు. నాలుగు చినుకులు పడితే వీధి బురదవుతుంది. వేసవి వస్తే అందరి చూపూ కొమ్మమూరు కాలువ వైపే. మంచినీటి చెరువుకు ఆ నీరు చేరకపోతే బిందె పట్టుకుని తిరగవలసింది మన ఆడవాళ్లే. డబ్బున్న ఇంటికి నీళ్ల డబ్బా బండి మీద వస్తుంది. కూలి మీద బతికే ఇంటికి పంచాయతీ కుళాయి తప్ప వేరే దారి లేదు. 1970లో గుంటూరు నుంచి ప్రకాశం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి మారాం. జిల్లా పేరు మారినంత సులువుగా కుళాయి నీళ్లు మారవు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2018 మార్చిలో పాత గుంటూరులో, మన వాళ్లు ఎక్కువగా ఉండే ఆనందపేటలో, చుట్టుపక్కల పేటల్లో అతిసార ప్రబలింది. మంచినీటి గొట్టాల్లో మురుగునీరు కలిసింది. వందలాది మంది ఆసుపత్రి పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత జనం రోడ్డెక్కారు, నాయకులు వచ్చారు, ట్యాంకర్లు వచ్చాయి. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. నీళ్లు రంగు మారిన తొలి రోజే పట్టించుకుని ఉంటే ఇంత జరిగేది కాదు గదా!

మరి డబ్బు లేకనా? 2021 నుంచి 2026 వరకు పదిహేనో ఆర్థిక సంఘం గ్రామ పంచాయతీలకు ఇవ్వవలసిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. కాగితం మీద మన కుళాయికి, మన కాలువకు వాటా ఉంది. ఆ వాటా దారిలో ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. కొన్నిచోట్ల పని కాకుండానే కొలతలు రాసుకుంటారు. కొన్నిచోట్ల గ్రామంలో ఎవరి చేతికీ రాకముందే సొమ్ము పోతుంది. 2021 నవంబరులో పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని రాష్ట్రమంతటా సర్పంచులే ఆందోళనకు దిగారు. కాబట్టి కనపడిన సర్పంచునల్లా దొంగ అనటం న్యాయం కాదు. ఎవరి చేతిలో ఎంత ఆగిందో లెక్క తెలుసుకోకుండా వేసే నింద మనకే చేటు.

ఇక మన వైపు చూసుకుందాం. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి కాలేజీ ప్రవేశానికి బీసీ-ఇ సర్టిఫికెట్ కావలసివచ్చింది. ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. గడువు దగ్గర పడింది. అయిదోసారి జేబులో నుంచి నోటు తీసి ఫైలు కింద పెట్టాను. సాయంత్రానికి పని అయింది. ఇంటికొచ్చి, లంచం కాదు, చాయ్‌పానీకి ఇచ్చానని చెప్పాను. పిల్లలకు హలాల్, హరామ్ పాఠం చెప్పే మనిషిని. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదలలేదు.

జకాత్ వసూలుకు పంపిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకిచ్చిన కానుక అన్నప్పుడు దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి ఆ మాటను నిలదీశారు. అతను తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని అడిగారు. పదవిని చూసి వచ్చేది కానుక కాదని అప్పుడే తేలిపోయింది. లంచం తీసుకునేవాడినే కాదు, ఇచ్చేవాడినీ ఆయన శపించారు. దేశ చట్టం కూడా అక్కడికే వచ్చింది. 2018 సవరణ తర్వాత ఇచ్చేవాడూ నేరస్థుడే. బలవంతాన ఇవ్వవలసివస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసినవారికి మాత్రం రక్షణ ఉంది. మన హక్కు కోసం గత్యంతరం లేక ఇచ్చామన్న సంజాయిషీ ఎంతవరకు చెల్లుతుందో ఆలిములను అడగవచ్చు. కానీ వరుసలో ముందుకు వెళ్లటానికి ఇచ్చినదానికి ఏ సంజాయిషీ లేదు. మన వెనుక నిలబడిన పేదవాడి వంతును మనం కొనుక్కున్నట్టే.

అడిగే మార్గాలు లేవా అంటే, ఉన్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరపమంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు మనలో ఎందరు వెళ్లాం? వెళ్లినవారిలో ఎందరు నోరు విప్పాం? 2005 సమాచార హక్కు చట్టం కింద గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అకారణంగా ఆపితే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా. "అవినీతి జరుగుతోంది" అని రాస్తే ఉపయోగం లేదు. ఫలానా వీధి కాలువకు ఎంత మంజూరైంది, ఎంత చెల్లించారు, ఎం-బుక్కులో కొలతల నకలు ఇవ్వండి అని రాయాలి. టేపు పట్టుకుని మనమే కొలుచుకోవచ్చు.

ఇది జరగని పని కాదు. రాజస్థాన్‌లో 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు ఊరి నడుమ జనాన్ని కూర్చోబెట్టి పంచాయతీ లెక్కలు బిగ్గరగా చదివించారు. కట్టని కట్టడాలు, చేయని కూలి బయటపడ్డాయి. సమాచార హక్కు చట్టానికి ఆ చదువే పునాది. మన రాష్ట్రంలోనూ 2006లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ అదే పద్ధతిలో మొదలైంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో బైతుల్‌మాల్ నుంచి తలా ఒక వస్త్రం పంచారు. ఆయన ఒంటి మీద రెండు వస్త్రాల బట్ట కనిపించేసరికి ఒక సామాన్యుడు లేచి, రెండోది ఎక్కడిదని అడిగాడు. ఖలీఫా ఆగ్రహించలేదు. తన వాటా తండ్రికి ఇచ్చానని కుమారుడు అబ్దుల్లా (రజి) లేచి చెప్పాకే సభ ముందుకు సాగింది. ఖలీఫానే అడగగలిగినవారి వారసులం, ఒక కాలువ లెక్క అడగటానికి జంకుతున్నాం.

అయితే పంచాయతీని అడిగే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. మసీదు చందా, ఈద్గా మరమ్మతు, వక్ఫ్ కౌలు సొమ్ము లెక్కలు ప్రతి నెలా మసీదు గోడ మీద అతికిస్తున్నామా? కమిటీని ఎవరైనా అడిగితే, మా మీద నమ్మకం లేదా అని ముఖం చిట్లిస్తున్నాం. సర్పంచు చెప్పే మాట కూడా అదే గదా!

కనుక సోదరులారా, ఈ వారం రెండు పనులు చేద్దాం. మసీదు లెక్క గోడ మీద పెడదాం. మన వీధి నీళ్ల గురించి, కాలువ గురించి ఒక అర్జీ రాసి, హిందూ సోదరుల సంతకాలు కూడా కలిపి పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకుందాం. కుళాయికి మతం లేదు. గ్రామసభకు మన ఆడవాళ్లను కూడా పంపుదాం. ఏ రోజు నీళ్లు వచ్చాయో, ఏ రోజు రాలేదో మనకంటే వారికే బాగా తెలుసు.