హస్తవాసి సరే... అర్హత మాటేమిటి?

వైద్యుని ఎంపికలో నమ్మకాలదే పైచేయి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: జబ్బు చేసినప్పుడు పడమటి మండలాల ప్రజలు ముందుగా వాకబు చేసేది వైద్యుని పట్టా గురించి కాదు, హస్తవాసి గురించి. ఫలానా డాక్టరు చేయి మంచిదని ఇరుగుపొరుగు చెబితే చాలు, ఎంత దూరమైనా వెళతారు. ఈ నమ్మకంలో అనుభవంతోపాటు అపోహలూ లేకపోలేదు. తల నెరిసిన వైద్యుడైతే దిట్ట అని, యువకుడైతే ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాడని, వైద్యురాలైతే కాన్పులకే తగినదని రోగులు తమకు తెలియకుండానే తీర్మానించుకోవడం కద్దు.

కోరిక వేరు... చిన్నచూపు వేరు

రోగి కోరికలన్నింటినీ తప్పుపట్టలేం. కొన్ని బాధలను స్త్రీలు వైద్యురాలి వద్దనే చెప్పుకోగలరు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన కుప్పం సరిహద్దులో తన భాష తెలిసిన వైద్యుని వెతుక్కోవడమూ సహజమే. బాధను వివరించలేకపోతే రోగ నిర్ధారణే దారి తప్పుతుంది.

ఇటువంటి కోరికను విస్మరిస్తే ఎంత నష్టమో చరిత్ర చెబుతోంది. 19వ శతాబ్దం చివర తమిళనాడులోని తిండివనంలో ఒకే రాత్రి మూడు కుటుంబాలు ప్రసవ వేదన పడుతున్న తమ స్త్రీలకు పురుష వైద్యుని సాయం వద్దన్నాయి. ముగ్గురూ మరణించారు. చలించిపోయిన ఐడా స్కడర్ అమెరికాలో వైద్యవిద్య అభ్యసించి, 1900లో వేలూరు చేరారు. 1918లో అక్కడ మహిళల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసింది కూడా ఆ ఆర్కాటు మిషన్ సేవా పరంపరలోనే.

అయితే ఏ కోరిక వైద్యురాళ్లను తీర్చిదిద్దిందో, అదే నేడు వారిని ప్రసూతి గదికి పరిమితం చేయడం విచారకరం. గుండె, ఎముకల వైద్యానికి వచ్చేసరికి 'పెద్ద డాక్టరు' అంటే పురుషుడేనన్న భావన ఇంకా తొలగలేదు.

లెక్కలు చెబుతున్నదేమిటి?

అమెరికాలో 65 ఏళ్లు దాటిన రోగులపై జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆసుపత్రిలో చేరిన 30 రోజుల్లోపు మరణాలు వైద్యురాళ్ల చికిత్సలో 11.07 శాతం, పురుష వైద్యుల చికిత్సలో 11.49 శాతంగా తేలాయి. తేడా స్వల్పమే అయినా, వైద్యురాలు తక్కువన్న అభిప్రాయానికి ఆధారం లేదనడానికి ఇది చాలు. అదే ఏడాది వెలువడిన మరో పరిశీలనలో ఎక్కువమంది రోగులను చూసే వైద్యుల విషయంలో వయసును బట్టి ఫలితాలు మారలేదు.

జాప్యమే ముప్పు

దీర్ఘకాలిక వ్యాధికి నచ్చిన వైద్యుని కోసం నాలుగు రోజులు ఆగవచ్చు. పాముకాటు, గుండెపోటు, పక్షవాతం వస్తే ఆగే వ్యవధి ఉండదు. పుంగనూరు పరిసర పల్లెవాసి అయినా, పట్టణవాసి అయినా అటువంటి వేళ సమీప ఆసుపత్రిలో విధుల్లో ఉన్న వైద్యుని ఆశ్రయించడమే ప్రాణరక్షణ.

వైద్యులు తమ రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లో ప్రదర్శించాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు నిర్దేశించాయి. పేరు, ప్రాంతం, వయసు ఆరా తీసేవారు ముందుగా ఆ సంఖ్యను చూడటం మేలు. ఆసుపత్రులు సైతం వైద్యురాళ్లు అందుబాటులో ఉండే వేళలను ప్రకటించి, ఇతర భాషల రోగులకు తోడు మాట్లాడే సిబ్బందిని నియమిస్తే సమంజసమైన కోరికలు తీరుతాయి. మిగిలిన అపోహలను తొలగించుకోవలసింది రోగులే.