అట్టపెట్టెల ద్వారక

నిజం చెప్పొద్దూ... ఈ వారం నేను ఏ షూటింగుకూ వెళ్లలేదు. ఏ హీరోనూ కలవలేదు. ఏ ప్రివ్యూ థియేటర్లోనూ ఏసీ చల్లదనంలో కునుకు తియ్యలేదు. మరేం చేశావయ్యా అంటారా? ఆదివారం నుంచి ఆదివారం దాకా మైలార్‌దేవ్‌పల్లిలో పది బై పన్నెండు అడుగుల గదికి కళాదర్శకత్వం వెలగబెట్టాను! బడ్జెట్ అక్షరాలా పదిహేను వందల రూపాయలు. నిర్మాత మా చిన్నమ్మ కూతురు.

ఆ అమ్మాయి ఈ ఏడే బి.కాం. పాసైంది. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర సరుకుల ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం వచ్చింది. జీతం పద్దెనిమిది వేలు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఖర్చు తప్పింది గనుక ఆరాంఘర్ చౌరస్తాకు నడిచి వెళ్లి బస్సెక్కితే సరి. గది అద్దె అయిదున్నర వేలు. జడ్చర్లలో తల్లికి కొంత పంపాలి. ఇక గది అలంకరణకు ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

అసలు చిక్కు అది కాదు. మా చిన్నమ్మ వచ్చే ఆదివారం గది చూడ్డానికి వస్తానంది. "మంచిగ లేకపోతే సామాన్లు సర్దుకొని నా ఎంట రావాలె. ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు" అని ఫోన్లో తేల్చి చెప్పేసింది. ఆ పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేనూ మైలార్‌దేవ్‌పల్లి వాసినే.

"అన్నా, నువ్వు సినిమా సెట్లు మస్తు చూస్తవు గదా! నా గదిని జర మంచిగ చెయ్యరాదే!"

బి.ఏ. పాసై పదేళ్లుగా పత్రికలకు రాస్తున్నాను. నన్ను ఇంతగా నమ్మిన పాఠకురాలు ఇంకొకరు లేరు. సరేనన్నాను.

గది కింది అంతస్తులో ఉంది. ఒక ట్యూబ్‌లైటు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెమ్మకు సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. నేలకు మోకాలెత్తున గోడ పొడవునా ఒక గోధుమరంగు గీత! అదేమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పల్లె చెరువు పొంగింది. అలీనగర్ వైపు ఒకే కుటుంబంలో ఎందరో కొట్టుకుపోయారు. ఆ రాత్రి ఈ గదిలోకి వచ్చిన నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడే రాసి పెట్టుకుంది. ఇంటాయన షరతు ఒకటే. గోడకు ఒక్క మేకు కొట్టినా అడ్వాన్సులో కోత!

నేను మాత్రం ధైర్యంగానే దిగాను. ఎందుకంటే నా వెనక 'మాయాబజార్' ఉంది!

1957లో విజయావారు తీసిన ఆ చిత్రంలో దీపాలతో మెరిసిపోయే ద్వారకానగరం గుర్తుంది కదూ? కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆ నగరం మొత్తం వాహినీ స్టూడియోలో యాభై బై అరవై అడుగుల జాగాలో ఇమిడిపోయింది. సుమారు మూడు వందల బుల్లి ఇళ్లను అట్టముక్కలతో చేసి, లోపల విద్యుద్దీపాలు అమర్చారు. అంతే! శ్రీకృష్ణుడి రాజధాని తయారు. అట్టముక్కతో ద్వారక కట్టగలిగినప్పుడు ఒక గది ఎంత?

కానీ కాపీ కొట్టేవాడికి సగం పాఠమే తెలుస్తుందంటారు. నా సంగతీ అంతే అయింది. సెట్టు మీద గోడ బాగా లేకపోతే ఏం చేస్తారు? మీద ఇంకొకటి అంటిస్తారు. నేనూ మూడు వందల యాభై పెట్టి పువ్వుల వాల్‌పేపరు తెచ్చి చెమ్మ గోడకు అంటించేశాను. సోమవారం రాత్రి చూస్తే రాజమహలే! బుధవారానికి బుడగలు లేచాయి. శుక్రవారానికి అంచులు ఊడి, వెనక నుంచి బూజు వాసన. లాగితే కాగితంతోపాటు సున్నం పెళ్లలూ చేతికొచ్చాయి. ఇంటాయన చూసిన చూపు నేను ఏ విలన్ క్లోజప్పులోనూ చూడలేదు.

తప్పెక్కడ? ఇటుక స్పంజి లాంటిది. నేలలోని తడిని పైకి పీలుస్తుంది. ఆ తడి గోడ మీద నుంచి గాలిలోకి ఆరిపోవాలి. ప్లాస్టిక్ కాగితం అంటిస్తే దానికి దారి మూసేసినట్టే. సెట్టును కెమెరా ఒక వైపు నుంచే చూస్తుంది, షూటింగు అయ్యాక విప్పేస్తారు. ఇంట్లో మనిషి ఉండాలి, గోడ ఊపిరి పీల్చాలి. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు మూడు వందల యాభై రూపాయలు ఖర్చయింది. మీకు ఉచితంగా చెబుతున్నాను!

మిగిలింది పదకొండు వందల యాభై, ఒక పగలు, రెండు రాత్రులు. ఇక అసలు పని మొదలైంది. మీరూ చేసుకోవచ్చు, జాగ్రత్తగా చదవండి.

మొదట గోడ. ఊడిన చోటల్లా గీకి, ఆరనిచ్చి, పల్చటి సున్నం రెండు పూతలు వేశాం. సున్నం తడిని బయటికి పోనిస్తుంది, ధర కూడా తక్కువ. ఇంటాయన ఒప్పుకున్నాడు, ఒప్పుకోక! ఇక ఏ సామానూ గోడకు ఆనకుండా నాలుగంగుళాలు ఎడం ఉంచాం.

రెండోది వెలుతురు. షూటింగులో చూసే ఉంటారు, ముఖం మీద నీడ పడితే కుర్రాడొకడు తెల్లటి థర్మోకోల్ పలక పట్టుకు నిలబడతాడు. దీపం వెయ్యకుండానే ముఖం వెలిగిపోతుంది. మేం అదే సూత్రం పట్టుకున్నాం. పెద్ద అట్టకు తెల్ల రంగు వేసి కిటికీ కింద ఏటవాలుగా నిలబెట్టాం. ఎదురుగా అద్దం. ఆ అద్దం గురువారం నాడు ఆ అమ్మాయి పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారులో రెండు వందలకు బేరమాడి తెచ్చింది. అక్కడే నూట యాభైకి ఒక పాత చెక్క స్టూలు. పగటిపూట ట్యూబ్‌లైటు వెయ్యాల్సిన పని తప్పింది!

మూడోది పుస్తకాల అర. కాటేదాన్ పారిశ్రామికవాడ మాకు కూతవేటు దూరం. ఫ్యాక్టరీల్లో సరుకు దింపాక మిగిలే ప్యాకింగ్ చెక్కలు కబాడీ దుకాణాలకు వస్తాయి. ఆరు పలకలు నూట ఎనభై. ఏరుకునేటప్పుడు ముక్కు పెట్టి చూడండి. నూనె మరకలున్నా, మందుల వాసన వేసినా ముట్టుకోవద్దు. ఉప్పుకాగితంతో రుద్ది, మిగిలిన తెల్ల రంగు పూసి, ఇటుకల మీద పేర్చాం. గోడకు మేకు లేదు. కింది పలక నేలకు రెండడుగుల ఎత్తున, అంటే ఆ గీతకు పైన. ఈ ఆలోచన నాది కాదు. "సర్టిఫికెట్లు పైన ఉండాలె అన్నా" అంది ఆ పిల్ల. కళాదర్శకుడి కంటే నిర్మాతకే బుద్ధి ఎక్కువ!

నాలుగోది తెరలు. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత నేత చీరలు రెండున్నాయి. కిటికీ చువ్వలకు కొక్కేలు తగిలించి, కర్టెన్ స్ప్రింగు లాగితే సరిపోయింది. కుట్టు మాత్రం వంకర. ఇద్దరికీ సూది పట్టడం రాదు.

ఇక చివరికి మా ద్వారక! బిస్కెట్ల అట్టపెట్టెలతో అయిదు బుల్లి ఇళ్లు. జిగురు కొనలేదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, చిక్కగా ఉడికిస్తే మంచి జిగురు. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు పట్టించేదీ ఇదే, రంపపు పొట్టుతో కలిపి బొమ్మలు చేసేదీ ఇదే. అట్ట మీద పాత వార్తాపత్రిక ముక్కలు ఈ జిగురుతో రెండు పొరలు అంటించి ఆరబెడితే చెక్కలా గట్టిపడింది. కిటికీలు కోసి, లోపలి వైపు సంక్రాంతికి మిగిలిన పతంగి కాగితం అతికించాం. మధ్య ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు. గుర్తుంచుకోండి, పాత రకం వేడి బల్బు అట్ట దగ్గరికి రానివ్వకూడదు. ఎల్‌ఈడీకైనా చుట్టూ జానెడు ఖాళీ, పైన గాలి పోవడానికి రంధ్రం ఉంచాలి. నిద్రపోయే ముందు స్విచ్ ఆపాలి.

లెక్క కావాలా? పలకలు 180, మేకులూ ఉప్పుకాగితం 70, తెల్ల రంగు 190, అద్దం 200, స్టూలు 150, కర్టెన్ స్ప్రింగూ కొక్కేలూ 90, సున్నమూ బ్రష్షూ 110, బల్బూ హోల్డరూ వైరూ 160. మొత్తం 1150. నా తెలివితక్కువతనం 350. సరిగ్గా పదిహేను వందలు!

శనివారం రాత్రి పది గంటలు. ఎంత సున్నం వేసినా ఆ గోధుమరంగు గీత ఆరేసరికి మళ్లీ పైకి తేలింది. ఆ రెండో చీర గీత మీదుగా వేలాడదీద్దామన్నాను. గోడకు ఎడంగానే ఉంటుంది, గాలీ ఆడుతుంది, శాస్త్రప్రకారం తప్పేమీ లేదు. చిన్నమ్మ కంటబడదు, ఉద్యోగం నిలబడుతుంది.

ఆ పిల్ల చీర చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడింది. తర్వాత మడిచి మంచం మీద పెట్టేసింది.

"వద్దన్నా. అమ్మకు అబద్ధం చెప్పినట్టయితది."

నాకేమీ పాలుపోలేదు. 1987లో మణిరత్నం తీసిన 'నాయకన్' కోసం తోట తరణి బొంబాయి ధారావిని మద్రాసులో సెట్టుగా నిలబెట్టారు, జాతీయ అవార్డు అందుకున్నారు. పేదరికాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి అంత కష్టపడ్డారాయన. నేనేమో ఉన్న గీతను దాచడానికి చూస్తున్నాను!

ఆదివారం పదిన్నరకు మా చిన్నమ్మ దిగింది. చెప్పులు విప్పి, గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా లాంగ్ షాటులో చూసింది. తెర దగ్గరికి వెళ్లి చేత్తో తడిమింది.

"గిది నా చీర గాదే?"

"అవునమ్మా."

"కుట్టేంది గిట్ల పాముపోకడ పోయింది?" అంటూనే సంచిలోంచి సూదీ దారం తీసింది. ఆవిడ సంచిలో అవి లేని రోజు లేదు. బొంతలు కుట్టే చెయ్యి అది. సగం తెర సరిచేశాక తలెత్తింది. కళ్లు గోడ మీద ఆగాయి.

"గీ గీత ఏందిరా?"

నేను నేల చూపులు చూశాను. ఆ పిల్లే చెప్పింది. "2020ల వచ్చిన నీళ్లమ్మా. గీడిదాంక వచ్చినయంట."

"మరి ఎందుకు కప్పలే? ఇన్ని చేసినోళ్లు గంత మాత్రం కప్పలేకపోయిన్రా?"

"కప్పితే నీకు కనబడదు. నాకు తెల్వకుంట ఉంటదా?"

సూది ఆగింది. పాఠకులారా, నేను ఎన్నో క్లైమాక్సులు చూశాను. రీరికార్డింగు లేకుండా గుండె అంతగా కొట్టుకున్నది ఇదొక్కసారే. మా చిన్నమ్మ లేచి ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లింది. సామాన్లు సర్దమంటుందేమోనని పిల్ల కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

పది నిమిషాలకు తిరిగొచ్చింది. "మీద గది ఖాళీ ఉన్నదట. అయిదు వందలు ఎక్కువ. ఇంటామెతోని మాట్లాడిన. అయిదు వందలు నాకు పంపేటియి తగ్గించు. లెవ్వు, సర్దు."

"అది రేకుల గది అమ్మా. ఎండకు ఉడికిపోతది."

"ఎండ చెప్పి వస్తది బిడ్డా. నీళ్లు చెప్పి రావు."

గంటలో షిఫ్టింగు అయిపోయింది. గోడకు ఒక్క మేకూ లేదు గదా! పలకలు విప్పాం, ఇటుకలు మోశాం, తెరల స్ప్రింగు తీసి పై కిటికీకి తగిలించాం. అద్దం చిన్నమ్మ మోసింది. ద్వారకను మాత్రం ఆ పిల్ల ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రెండు చేతులా ఎత్తుకొని మెట్లెక్కింది.

సాయంత్రం చిన్నమ్మను ఆరాంఘర్‌లో బస్సెక్కించి వస్తూ వీధి చివర నిలబడి చూశాను. మేడ మీద కిటికీలో నా చిన్నమ్మ చీర. దాని వెనక అయిదు అట్ట ఇళ్ల దీపాలు. కింది గది చీకట్లో ఉంది, గీత గీతగానే ఉంది.

గది అలంకరించుకునే ముందు దాని లోపాలేమిటో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో అందంతో తీరేవేవో, గది మారితే తప్ప తీరనివేవో విడదీయండి. తర్వాతే సున్నం బ్రష్షు పట్టండి. గోడకు మేకు కొట్టకుండా చేసుకున్న సామాను అద్దె ఇళ్లవాళ్లకు అన్నిటికంటే మంచి ఆస్తి. ఎక్కడికైనా వెంట వస్తుంది.

ఇక రేకుల గది ఉంది గదా! తడి గోనెసంచులు, వెదురు తడికలు, తెల్ల సున్నంతో దాన్ని చల్లబరిచే సంగతి వచ్చే వారం. ఈసారి కళాదర్శకత్వం మా చిన్నమ్మది. నేను అసిస్టెంటును!