సెకనుకు 300 సార్లు ఆగే పరుగు!

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్‌సాగర్ ఒడ్డున కార్ల పందెం. అలాంటిలాంటిది కాదు, ప్రపంచ ఛాంపియన్‌షిప్! అడిక్‌మెట్, అశోక్‌నగర్, చిక్కడపల్లి కుర్రాళ్లకైతే పక్కవీధిలో తిరునాళ్ల జరిగినట్టే. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్... వీటి మధ్య 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. హంగామాకి లోటు లేదు. వెలితల్లా చెవులకే! 'ఫార్ములా-ఈ' కార్లు కదా... బ్యాటరీతో నడిచేవి. రివ్వుమని ఓ సన్నటి కూత, అంతే. ఫార్ములా వన్ పందేలను టీవీలో చూసి పెరిగినవాళ్లు ఎదురుచూసిన ఆ కేక మాత్రం వినిపించలేదు.

చప్పుడుదేముంది, సైలెన్సర్ కోసేస్తే ఏ బండైనా అరుస్తుంది అంటారా? నిజమే. (ఆ పని చేసేవాళ్లు మన వీధుల్లో తక్కువేం లేరు. ఇరుగుపొరుగు దీవెనలూ వాళ్లకు బాగానే అందుతుంటాయి.) కానీ స్పోర్ట్స్ కారు ఇంజిన్ కేక వేరు. లోపల కొన్ని లోహపు ముక్కలు చేసే సాము అది.

హోండా ఎస్2000నే తీసుకోండి. 1999లో వచ్చిన రెండు సీట్ల కారు. ఇంజిన్ రెండు లీటర్లే. మీటరులో ఎర్రగీత మాత్రం నిమిషానికి సుమారు 9 వేల చుట్ల దగ్గర ఉంటుంది. అంటే సెకనుకు 150 చుట్లు. ఒక్కో చుట్టులో పిస్టన్ ఓసారి పైకెళ్లాలి, ఓసారి కిందికి రావాలి. పైన ఆగాలి, కింద ఆగాలి. ఆగితేనే కదా వెనక్కి తిరిగేది! వెరసి సెకనుకు 300 సార్లు ఆగి, 300 సార్లు మళ్లీ పరుగందుకోవాలి. ఆ పరుగు నిడివి ఎంతనుకున్నారు? 84 మిల్లీమీటర్లు! ఆ కాస్త చోటులోనే సగటున గంటకు 90 కిలోమీటర్ల వేగం. పైకొనలో ఆగి తిరిగే క్షణాన పిస్టన్ మీద పడే బలం దాని బరువుకు నాలుగు వేల రెట్ల పైమాటే. ఇంకో చిక్కుంది. చుట్లు రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. 6 వేల దగ్గర హాయిగా తిరిగే ఇంజిన్‌ను 9 వేలకు తీసుకెళ్తే, రెండింతలకు పైగా భారం మోయాలన్నమాట.

దీని పక్కన మన అంబాసిడర్‌ని నిలబెట్టి చూడండి. పాత పెట్రోలు ఇంజిన్ 1489 సీసీ. పిస్టన్ పరుగు 89 మిల్లీమీటర్లు. హోండాతో పోలిస్తే 5 మిల్లీమీటర్లే ఎక్కువ. కానీ అంబాసిడర్ ఇచ్చింది 50 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. జపాన్‌లో అమ్మిన ఎస్2000 ఇచ్చింది 250... అదీ టర్బో సాయం లేకుండా!

కిటుకంతా ఊపిరిలో ఉంది. అంబాసిడర్‌లో నాలుగు సిలిండర్లకు గాలి లోపలికెళ్లే దారులు రెండే. ఇద్దరిద్దరు ఒకే ముక్కుతో ఊపిరి తీసుకున్నట్టు! వాల్వులేమో సిలిండర్‌కు రెండు. వాటిని కదిలించేది పొడవాటి కడ్డీలు. చుట్లు పెరిగితే దానికి ఆయాసం రాక ఏమవుతుంది? హోండాలో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, కామ్‌షాఫ్టులు రెండూ నెత్తి మీదే. ఆ వాల్వులూ క్షణాల్లో మూసుకోవాలి. మూసే స్ప్రింగు వెనకబడిందో... తెరుచుకునే ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి గుద్దుతుంది. బండి షెడ్డుకే! ఫార్ములా వన్‌లో రెనో కంపెనీ 1986లోనే స్ప్రింగులు తీసేసి ఒత్తిడిలో ఉంచిన గాలితో వాల్వులు మూయించింది అందుకే. కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2005లో నడిపిన జోర్డాన్ కారు కాలానికి ఆ పందెపు ఇంజిన్లు 19 వేల చుట్ల దాకా వెళ్లాయి.

పందెం కారు సరే, రోజూ నడిపే బండి మాటేమిటి? పైన బాగా ఊపిరి పీల్చే ఇంజిన్ కింద నీరసపడుతుంది. హోండా ఇంజినీరు ఇకువో కజితాని బృందం దీనికి 1989లో ఓ ఉపాయం కనిపెట్టింది. కామ్‌లు రెండు రకాలు పెట్టి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఒకటి, చుట్లు పెరిగాక రెండోది వాడుకోవడం. అదే వీటెక్. మన దేశంలో పాత హోండా సిటీ 1.5 వీటెక్ అంటే ఇప్పటికీ పడిచచ్చేవాళ్లున్నారంటే కారణం ఈ కుటుంబపు నెత్తురే. ఎస్2000లోనైతే 6 వేల చుట్ల దగ్గర రెండో కామ్ అందుకోగానే గొంతే మారిపోతుంది!

ఇంతకీ ఎక్కువ చుట్లు తిరగడమే గొప్పా? అలాగైతే నేటి విద్యుత్ కార్ల మోటార్లు కొన్ని 20 వేలు దాటి తిరుగుతున్నాయి. వాటికి ఆగే బాధ లేదు, గుండ్రంగా తిరగడమే. అంకెను బట్టి కిరీటం పెట్టలేం. కాలు కదిలించగానే ఇంజిన్ పలకాలి. ఎర్రగీత దాకా బలం పెరుగుతూనే ఉండాలి. మీటరు చూడకుండానే, ఎక్కడున్నామో చెవికి తెలియాలి. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు ఎప్పుడు మార్చాలో బండి గొంతే చెబుతుంది కదా... అలా!

ఈ లెక్కన లెక్సస్ ఎల్ఎఫ్ఏని మించింది అరుదే. 2010-12 మధ్య 500 కార్లే తయారయ్యాయి. 4.8 లీటర్లు, పది సిలిండర్లు. ఇంజిన్ తయారీలో తోడు నిలిచింది యమహా... అవును, మన ఆర్ఎక్స్100 యమహానే! కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి. ఊరికే నిలబడి రైజ్ చేస్తే 9 వేల చుట్లకు చేరడానికి 0.6 సెకను. మామూలు ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదని మీటరుకు తెర బిగించారు. గొంతు సవరించే పనిలో యమహా సంగీత వాద్యాల నిపుణుల చేయీ ఉంది.

మరి నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఈ గొప్పదనం పనికొస్తుందా? ఊహూఁ. ఎస్2000 అసలు లాగుడంతా 7,500 చుట్ల దగ్గర. పచ్చలైటు పడగానే ఏ టర్బో డీజిల్ బండో 2 వేల చుట్లకే దాన్ని దాటేస్తుంది. ఔటర్ రింగురోడ్డు ఎక్కినా రెండో గేరులో ఎర్రగీత తాకేసరికి వేగం 110 దగ్గరుంటుంది. అక్కడ పరిమితి 120. మూడో గేరు మోజు తీరాలంటే చలానాకు సిద్ధపడాల్సిందే!

పొగ నిబంధనలు, మైలేజీ లెక్కలు కలిసి ఈ ఇంజిన్లను పక్కకు నెట్టాయి. టర్బోతో తక్కువ చుట్లకే బలం వస్తుంటే, ఇంత యాతన ఎవరు పడతారు? ఫార్ములా వన్ కూడా 2014లో టర్బోకే వెళ్లి, పరిమితిని 15 వేల చుట్లు చేసుకుంది. పాత రుచి కావాలంటే బ్రిటన్‌లో గోర్డన్ ముర్రే చేసిన టి.50 ఉంది. 12 సిలిండర్లు, 12,100 చుట్లు... కానీ చేసింది 100 కార్లే, అవీ కుబేరులకు.

మిగతావాళ్ల కోసం హ్యుందాయ్ ఓ దారి చూపింది. 2023లో తెచ్చిన అయానిక్ 5 ఎన్ విద్యుత్ కారులో స్పీకర్లతో ఇంజిన్ అరుపు వినిపిస్తోంది. లేని గేర్లు మారినట్టు కుదుపిస్తుంది. గేరు మార్చడం మరిచిపోతే, లేని ఎర్రగీత దగ్గర ఇంజిన్ తడబడినట్టు నటిస్తుంది కూడా. వద్దనుకుంటే, మీట నొక్కి ఆపేసుకోవచ్చు.