ఇంట్లో ఉండమన్నారు సరే, ఎప్పుడు బయల్దేరాలో కూడా చెప్పండి

రాయ్‌పూర్ జిల్లా కలెక్టర్ గారికి,

ఈ లేఖ హిందీ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో అచ్చు వేయిస్తున్నది మా దేవేంద్ర నగర్‌లోనూ ఊళ్లోని మిగతా కాలనీల్లోనూ ఉన్న మా తెలుగువాళ్లు కూడా చదవాలని.

2021 ఏప్రిల్ 9 సాయంత్రం 6 గంటలకు కోవిడ్ లాక్‌డౌన్‌తో మన జిల్లా మూతపడింది. 19 వరకే అన్నారు. పొడిగించుకుంటూ మే నెలలోకి తీసుకెళ్లారు. అది అనవసరమని నేననను. ఆ రోజుల్లో మేకాహారా ఆసుపత్రి దగ్గరా శ్మశానాల దగ్గరా పరిస్థితి చూసినవాళ్లెవరూ అనలేరు. నా బాధ వేరు. మైకు కట్టిన బండి మా సెక్టార్ల మధ్య తిరుగుతూ ఇళ్లు వదిలి రావద్దని చెప్పేది. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఆగకండి, వెంటనే బయల్దేరండి, దారిలో మిమ్మల్నెవరూ ఆపరు అని ఆ మైకులో ఒక్కసారి కూడా నేను వినలేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే స్థిరపడ్డారు. ఒక రాత్రి ఛాతీ బరువెక్కింది, ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. గ్యాసేమోనని ఇంట్లోవాళ్లు మాత్ర వేశారు. ఆసుపత్రికి వెళ్తే ముందు కోవిడ్ పరీక్ష చేస్తారు, పాజిటివ్ వస్తే వార్డులో పెడతారు, ఇక మనిషిని చూడనివ్వరు. రాత్రంతా ఆ ఇంట్లో ఇదే చర్చ. తెల్లారాకే తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది గానీ గుండె కండరం బాగా దెబ్బతింది. నాలుగు మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం. ఆసుపత్రి దూరమా అంటే, లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉన్న రోడ్డు మీద మేకాహారాకి ఎంతసేపు? ఆ ఇంటివాళ్లను భయం ఆపింది.

2020 తొలి లాక్‌డౌన్‌లోనూ దేశమంతా ఇలాగే జరిగింది. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 187 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, 2020 మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా గుండెపోటుతో చేరినవాళ్లు అంతకు ముందు ఏడాది అదే కాలంకన్నా 35 శాతం తక్కువ. జబ్బు అంతగా తగ్గిపోతే సంతోషించేవాళ్లం. కానీ ఇటలీ లెక్క చూడండి. అదే మార్చిలో ఒక వారం పరిశీలిస్తే చేరికలు దాదాపు సగానికి పడిపోయాయి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటుతో వచ్చినవాళ్లలో మరణాలు మాత్రం 4.1 శాతం నుంచి 13.7కి పెరిగాయి. నాళంలో గడ్డ అడ్డుపడ్డాక కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ తొలి గంటల్లో పడాలి. పన్నెండు గంటలు దాటితే దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

ఇక మనసు సంగతి. ఇక్కడి తెలుగు కుటుంబాలకు సొంతూరి దారి విశాఖ ప్యాసింజర్. రాయగడ, పార్వతీపురం మీదుగా వెళ్లే ఆ బండి 2020 మార్చిలో దేశంలోని ప్యాసింజర్ రైళ్లన్నిటితో పాటు ఆగిపోయింది. తల్లి పోయినా వెళ్లలేక, పెద్ద కర్మ ఫోన్‌లో చూసిన ఆడపడుచులు మా కాలనీలో ఉన్నారు. కావిలించుకుని ఏడవడానికి మనిషి లేకపోతే నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, రోజూ వేసుకునే మాత్ర మీద శ్రద్ధ పోతుంది, అప్పుడు దెబ్బ గుండెకు తగులుతుంది. కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2020లో మన ఛత్తీస్‌గఢ్‌లో ఆత్మహత్యలు లక్షకు 26.4, దేశ సగటు 11.3. 2019లోనూ మనది 26.4. నేరం లాక్‌డౌన్ మీద మోపేందుకు లేదు. ముందే ఇంత కష్టంలో ఉన్నవాళ్లను నాలుగు గోడల మధ్య పెట్టేటప్పుడు వాళ్లకు తోడెవరని అడగవలసింది. అడగలేదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు మీరే. మళ్లీ ఎప్పుడైనా జిల్లాను మూయవలసి వస్తే ఏం చెయ్యాలో జిల్లా విపత్తు ప్రణాళికలో ఇప్పుడే రాయించండి. గుండె, బీపీ, షుగర్, మానసిక వైద్యం ఓపీలు మూయకూడదు. నెలకు సరిపడా మందులు ఇంటికి చేరాలి. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల పేర్లు వార్డులవారీగా దగ్గర పెట్టుకుని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. పార్కులకు తాళాలు వేసినా పొద్దున్నే ఒక గంట నడకకు దూరదూరంగా వదలవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2023లో స్టెమీ (రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం మొదలుపెట్టి, గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను చిన్న ప్రభుత్వాసుపత్రుల్లోనే ఉచితంగా ఇవ్వసాగింది. మహమ్మారి ఉన్నా లేకున్నా మన జిల్లాకు అది కావాలి.

అన్నిటికన్నా ముందు, మైకులో చెప్పాల్సిన ఆ ఒక్క మాటను హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు భాషల్లో సిద్ధం చేయించండి. దానికి పైసా ఖర్చు లేదు.

చదువుతున్న మావాళ్లకు: ఛాతీ పట్టేసినా, చెయ్యో దవడో లాగినా, చెమటలు పోసినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి. మనసు బాగోకపోతే 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ రెండు నంబర్లూ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈరోజే ఎక్కించండి.

ఇట్లు,
దేవేంద్ర నగర్ నివాసి